23 ప్రాజెక్టులు, ఒక ఖాళీ ఫైలు

ఇది నా దగ్గర ఫ్రంట్ ఎండ్ ప్రోగ్రామింగ్ (వెబ్ పేజీలో కనిపించే భాగాన్ని రాయడం) నేర్చుకున్న ఒకామె కేసు. రాస్తానని అడిగితే సరేనంది. పేరు, పనిచేసే చోటు, గుర్తుపట్టే వీలున్న వివరాలు అన్నీ తీసేశాను. కోడ్‌లో దొరికిన తప్పుల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. నా తప్పుల్ని కూడా.

నేపథ్యం

ఆమె చదువుకూ కంప్యూటర్లకూ సంబంధం లేదు. వేరే ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు కూర్చుని 14 నెలలుగా హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, ఆ తర్వాత రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ నేర్చుకుంది. నా దగ్గరికి వచ్చేనాటికి కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ సైట్‌లో 23 ప్రాజెక్టులున్నాయి. కాలిక్యులేటర్, వాతావరణం చూపించే యాప్, చేయాల్సిన పనుల జాబితా, క్విజ్, ఇలా అందరి దగ్గరా ఉండేవే. చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి. కామిట్ల (దాచిన ఒక్కో మార్పు) చరిత్ర తెరిస్తే ఒక విషయం కనిపించింది: దాదాపు ప్రతి ప్రాజెక్టూ ఒకటి రెండు రోజుల్లో పూర్తయింది, ఆ తర్వాత ఒక్క మార్పు కూడా లేదు. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే రెండు నెలలు మిగిలేవి.

వచ్చిన సమస్య

ఆమె మాటల్లోనే: "ప్రాక్టీస్‌కి మంచి ప్రాజెక్టులు చెప్పండి సర్. నాకు ఐడియాలు రావట్లేదు. వీడియో చూస్తూ చేస్తే అన్నీ వస్తాయి. ఖాళీ ఫైలు తెరిస్తే మాత్రం టెన్షన్ వచ్చేస్తుంది."

ఇందులో రెండు ఫిర్యాదులున్నాయి. నేను మొదటిదే విన్నాను. ఐడియాలు లేవంటోంది కాబట్టి ఐడియాలు ఇస్తే సరిపోతుందనుకున్నాను.

మొదట చేసినవి, పనికిరానివి

30 ప్రాజెక్టుల జాబితా రాసి ఇచ్చాను. తేలికవి పైన, కష్టమైనవి కింద. నెలలో మూడు చేసింది. మూడూ బాగున్నాయి, మూడింటికీ వెనక ఒక వీడియో ఉంది. తప్పు ఆమెది కాదు. నేనిచ్చిన జాబితాలో ప్రతి పేరుకీ ఇంటర్నెట్‌లో పూర్తి జవాబు సిద్ధంగా ఉంది. 'క్విజ్ యాప్' అని వెతికితే ముందు కనిపించేది సమస్య కాదు, దాని జవాబు. జాబితా ఇవ్వడమంటే వీడియోల పేర్లు ఇవ్వడమే అయింది.

రెండోసారి, అందరికీ తెలిసిన ఒక వీడియో సైట్ మొదటి పేజీని అచ్చంగా దింపమన్నాను. వీడియో చూడకూడదని షరతు పెట్టాను. వారంలో చేసింది, నిజంగా అచ్చు గుద్దినట్టుంది. పేజీని అడ్డం నిలువు గడులుగా అమర్చే గ్రిడ్ మీద ఆమెకు పట్టు దొరికింది ఇక్కడే, ఆ మేరకు ఈ ప్రయత్నం వృథా కాదు. కానీ అసలు సైట్‌లోని శీర్షికలే యథాతథంగా పెట్టుకుంది కాబట్టి అన్నీ రెండు లైన్లలో సరిగ్గా ఇమిడాయి. ఒక శీర్షికను తీసేసి, మధ్యలో ఎక్కడా ఖాళీ లేని 80 అక్షరాల పదం ఒకటి పెట్టాను. పేజీ పక్కకు సాగిపోయింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది.

బళ్లో చూచిరాత రాయించేవాళ్లు గుర్తుందా? ఎన్ని పేజీలు రాసినా దస్తూరీ బాగుపడుతుంది గానీ ఉత్తరం రాయడం రాదు. ఇలా ఉన్న సైట్‌ను దింపే క్లోన్ కూడా అంతే. ఏది ఎక్కడుండాలి, ఏది ఎంత వెడల్పు, దేన్ని నొక్కితే ఏం జరగాలి అనేవన్నీ ఎవరో ముందే తేల్చేసి ఉంటారు. మనకు మిగిలేది చేతిపని.

మూడోది పూర్తిగా నా పొరపాటు. చూచిరాత వద్దనుకుని ఒక్కసారిగా అవతలి ఒడ్డుకు దూకించాను: "నీకు నచ్చిన పెద్ద యాప్ ఏదైనా మొదలుపెట్టు." రోజువారీ అలవాట్లు నమోదు చేసుకునే యాప్ ఎంచుకుంది. లాగిన్ కావాలనుకుంది. మూడు వారాలు పాస్‌వర్డులు, టోకెన్లు, డేటాబేస్‌తోనే గడిచాయి. బ్రౌజర్‌లో కనిపించేదేమిటంటే ఒక లాగిన్ ఫారం. ఫ్రంట్ ఎండ్ నేర్చుకోడానికి వచ్చిన మనిషితో అది తప్ప మిగతావన్నీ చేయించాను. ఆమె మానేద్దామనుకున్నది అప్పుడేనని తర్వాత చెప్పింది.

ఖాళీ ఫైలు ముందు 45 నిమిషాలు

ఇక సలహాలు ఆపి, ఆమె పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలనుకున్నాను. మొదటిరోజే చేయాల్సింది ఇది. చిన్న పని ఇచ్చాను: ఒక రాత పెట్టె, 100 అక్షరాల పరిమితి, ఇంకెన్ని మిగిలాయో చూపించాలి, పెట్టె ఖాళీగా ఉంటే పంపే బటన్ పనిచేయకూడదు. వెబ్ డాక్యుమెంటేషన్ ఉండే ఎండీఎన్ సైట్ చూసుకోవచ్చు, వీడియోలు చూడకూడదు.

మొదటి 20 నిమిషాలు ఫాంట్, రంగులు, నీడ, గుండ్రటి మూలలతో గడిచాయి. జావాస్క్రిప్ట్ మొదటి లైన్ పడింది 31వ నిమిషంలో. సింటాక్స్ దగ్గర ఎక్కడా ఆగలేదు, ఈవెంట్ లిజనర్ (నొక్కడం, టైప్ చేయడం లాంటివి జరిగినప్పుడు నడిచే కోడ్) చూడకుండానే రాసింది. ఆగింది వేరేచోట. వేళ్లు కీబోర్డ్ మీద పెట్టి, తల తిప్పి అడిగింది: "సర్, వట్టి స్పేస్‌లే కొడితే అది ఖాళీ కిందికి వస్తుందా రాదా?"

"నువ్వేమంటావ్?" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇలాంటివి వీడియోలో వాళ్లే చెప్పేస్తారు సర్" అంది.

సమస్య నాకు అర్థమైంది అక్కడ. 14 నెలల్లో కోడ్ వేల లైన్లు రాసింది, నిర్ణయం ఒక్కటీ తీసుకోలేదు. కొరత ఐడియాలది కాదు. ఐడియాకీ కోడ్‌కీ మధ్య ఉండే పని ఆమెకు ఎప్పుడూ దొరకలేదు, ప్రతిసారీ ఎవరో చేసిపెట్టారు. కామిట్ల చరిత్రలో కనిపించింది కూడా అదే. సొంత నిర్ణయాలున్న ప్రాజెక్టులో రెండో రోజు మనసు మారుతుంది, మూడో రోజు ఏదో ఒకటి విరుగుతుంది. ఆమె ప్రాజెక్టుల్లో ఏదీ విరగలేదు.

ప్రాజెక్టు ఎంచుకోడానికి కొత్త కొలత

ఆ రోజు నుంచి ప్రాజెక్టు పేరు చూడటం మానేసి, అది ఎన్ని ప్రశ్నల్ని తేల్చకుండా వదులుతుందో చూడటం మొదలుపెట్టాను. క్లోన్‌లో సున్నా. 'నీకు నచ్చింది చేయి' అంటే లెక్కలేనన్ని. ఆమెకు కావలసింది మధ్యలోది: ఏం జరగాలో రాసి ఉండాలి, ఎలా చేయాలో రాసి ఉండకూడదు, వారం సాయంత్రాల్లో అయిపోవాలి, సర్వర్ అవసరం రాకూడదు.

'సెవెన్ గూయిస్' (7GUIs) అనే ఏడు పనుల వరస నాకు గుర్తొచ్చింది. యూజర్ ఇంటర్‌ఫేస్‌లు రాసే పద్ధతుల్ని పోల్చి చూడటానికి తయారుచేసిన సమస్యలవి. కౌంటర్, ఉష్ణోగ్రత మార్పిడి, విమాన టికెట్ బుకింగ్, టైమర్, పేర్ల జాబితాలో కలపడం మార్చడం తీసేయడం, వృత్తాలు గీసే బొమ్మ, చివర చిన్న స్ప్రెడ్‌షీట్. ఒక్కోదానికీ వివరణ కొద్ది వాక్యాలే. పరిష్కారాలు బయట దొరుకుతాయి. ఈసారి అవి ఎందుకు చూడకూడదో ఆమెకే అర్థమైంది కాబట్టి కాపలా కాయాల్సిన పని పడలేదు.

ఇంకో నియమం పెట్టాను. కోడ్ మొదలెట్టే ముందు కాగితం మీద మూడు విషయాలు రాయాలి: ఈ తెర మీద ఏవేవి మారతాయి, ఎవరు మారుస్తారు, వీటిలో ఏవి మిగతావాటి నుంచి లెక్కగట్టుకోవచ్చు. దానికి ఆమె 'చిట్టా' అని పేరు పెట్టింది. ఆ పేరే స్థిరపడింది.

రియాక్ట్‌లో చేస్తానంది. మొదటి మూడూ వట్టి జావాస్క్రిప్ట్‌లో చేయమన్నాను. రియాక్ట్ మీద నాకు కోపమేమీ లేదు. మొదటినుంచీ రియాక్ట్‌తోనే నేర్పి మంచి ఫలితాలు సాధించినవాళ్లు నాకు తెలుసు. స్థితిని (స్టేట్, అంటే యాప్ గుర్తుపెట్టుకునే విలువలు) ఎక్కడ దాస్తుందో, తెరను ఎప్పుడు మారుస్తుందో ఆమె చేత్తో చేస్తుంటే చూడాలనుకున్నాను, అంతే.

టికెట్ బుకింగ్ దగ్గర జరిగింది

కౌంటర్, ఉష్ణోగ్రత గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడోది మాత్రం ఈ కేసుకే మలుపు.

అందులో ఒక డ్రాప్‌డౌన్: ఒకవైపు ప్రయాణమా, రానుపోనా. రెండు తేదీ పెట్టెలు, ఒక బటన్. రానుపోను ఎంచుకుంటేనే రెండో పెట్టె పనిచేయాలి. పనిచేస్తున్న పెట్టెలో తేదీ తప్పుగా ఉంటే అది ఎర్రబడాలి, బటన్ ఆగిపోవాలి. తిరుగు తేదీ ముందుగా ఉన్నా బటన్ ఆగిపోవాలి.

ఆమె చిట్టాలో ఆరు విషయాలు రాసింది: ప్రయాణ రకం, మొదటి తేదీ, రెండో తేదీ, మొదటిది సరైనదా, రెండోది సరైనదా, బటన్ పనిచేయాలా. ఆరింటికీ ఆరు వేరియబుల్స్ పెట్టింది. బాగానే నడిచింది. నేను రానుపోను పెట్టి, రెండో పెట్టెలో 'అఆఇఈ' అని కొట్టి, మళ్లీ ఒకవైపు ప్రయాణానికి మార్చాను. మూసుకుపోయిన పెట్టె ఎర్రగానే ఉండిపోయింది. బటన్ చచ్చిపోయింది, ఇక టికెట్ బుక్ చేసే దారే లేదు.

ఆమె మొదటి పరిష్కారం: డ్రాప్‌డౌన్ మారినప్పుడు ఎరుపు తీసేసి బటన్‌ను మళ్లీ తెరవడం. అప్పుడు మొదటి పెట్టెలో తప్పు తేదీ ఉన్నా బటన్ తెరుచుకుంది. దానికి ఇంకో షరతు కలిపింది. మూడో షరతు రాస్తుండగా తనే ఆగి చిట్టా తిరగేసింది. "సర్, చివరి మూడూ అసలు దాచక్కర్లేదు కదా? మొదటి మూడూ తెలిస్తే ఇవి వాటంతటవే వస్తాయి" అంది. మూడు వేరియబుల్స్ కొట్టేసి, ఏది మారినా తెర మొత్తాన్ని ఆ మూడు విలువల నుంచే మళ్లీ లెక్కగట్టే ఒక ఫంక్షన్ రాసింది. కోడ్ సగానికి తగ్గింది, బగ్ దానంతటదే పోయింది.

ఈ మాట నేను ముందే చెప్పి ఉండొచ్చు. 'లెక్కగట్టుకోగలిగేదాన్ని స్థితిలో దాచకు' అనేది రియాక్ట్ డాక్యుమెంటేషన్‌లో కూడా ఉన్న సలహానే, ఆమె అంతకుముందు చదివింది కూడా. చదవడం వల్ల రానిది, చచ్చిపోయిన బటన్ వల్ల వచ్చింది.

అదే ప్రాజెక్టులో ఇంకో చిన్న గొయ్యి ఉంది. రోజు, నెల, సంవత్సరం విడగొట్టి జావాస్క్రిప్ట్ డేట్‌కి ఇచ్చింది. నెలలు సున్నా నుంచి మొదలవుతాయని తెలుసు, ఒకటి తీసేసింది. కానీ ఫిబ్రవరి 30 కొడితే తప్పనలేదు. డేట్ ఆబ్జెక్టు ఫిర్యాదు చేయదు, మిగిలిన రోజుల్ని మార్చిలోకి నెట్టేస్తుంది. తయారైన తేదీలోని రోజు, నెల మళ్లీ బయటికి తీసి, మనం కొట్టినవాటితో సరిపోల్చితే గానీ తెలీదు. ఈ తప్పును నేను పట్టుకోలేదు, ఆమే పట్టుకుంది. అప్పటికి తన ప్రాజెక్టును తనే విరగ్గొట్టి చూసుకునే అలవాటు మొదలైందన్నమాట.

పాత ప్రాజెక్టుల్లోకి తిరిగి

ఇక్కడ దారి మార్చాను. కొత్తది వెతకొద్దన్నాను. ఆ 23లోంచి ఒకటి తీయమంటే పనుల జాబితా తీసింది. మౌస్ పక్కన పెట్టి కీబోర్డ్‌తోనే వాడమన్నాను.

తొలగించే గుర్తు దగ్గరికి ట్యాబ్ కీ చేరనే లేదు. అది క్లిక్ తగిలించిన డివ్, అంటే మామూలు పెట్టె ట్యాగ్. దాన్ని అసలైన బటన్ ఎలిమెంట్ చేయగానే ట్యాబ్, ఎంటర్, స్పేస్ మూడూ ఉచితంగా వచ్చాయి. వెంటనే ఇంకోటి బయటపడింది: ఒక పనిని తొలగిస్తే ఆ బటన్ కూడా పోతుంది, ఫోకస్ (కీబోర్డ్ ఇప్పుడున్న చోటు) దిక్కులేనిదవుతుంది. తర్వాతి పని మీదికి వెళ్లాలా, పైనున్న పెట్టెకు వెళ్లాలా? జవాబు ఎక్కడా రాసి లేదు. తర్వాతి పని మీదికే వెళ్లాలని, జాబితా ఖాళీ అయితే పెట్టెకు రావాలని ఆమె తేల్చింది.

పని పేరులో కోణాకారపు గుర్తులతో బోల్డ్ ట్యాగ్ కొట్టి చూడమన్నాను. అక్షరాలు లావయ్యాయి. యూజర్ కొట్టినదాన్ని నేరుగా ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో పోయడం వల్ల, బ్రౌజర్ దాన్ని ట్యాగుగా చదివి అలా చేస్తుంది. అదే దారిలో స్క్రిప్ట్ నడిపించే ట్యాగ్ కూడా రావచ్చని చూపిస్తే ఆమె ముఖం మారింది. దేన్నైనా వట్టి అక్షరాలుగానే చూపించే టెక్స్ట్ కంటెంట్‌కు మార్చింది. పొడవాటి పదం ఇక్కడా జాబితాను పక్కకు సాగదీసింది. ఈసారి కారణం వెతికి పట్టుకుంది: ఫ్లెక్స్ (సీఎస్ఎస్‌లో వరసగా అమర్చే పద్ధతి) ఐటెమ్‌కు కనీస వెడల్పు మామూలుగా 'ఆటో'గా ఉంటుంది, అందుకే లోపలి పదం కంటే కుంచించుకోదు. కనీస వెడల్పు సున్నా చేసి, పదం విరిగేలా పెట్టింది. వీడియో సైట్ క్లోన్ అలా ఎందుకు సాగిందో రెండు నెలల తర్వాత నాకు వివరించింది.

రెండు ట్యాబుల్లో ఒకే యాప్ తెరిచాం. ఒకదాంట్లో కలిపిన పనిని రెండోది చెరిపేసింది, ఎందుకంటే రెండూ జాబితా మొత్తాన్ని లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ దాచుకునే చోటు) తిరగరాస్తున్నాయి. ఆ స్టోరేజ్ మారిందని చెప్పే స్టోరేజ్ ఈవెంట్ వాడింది. మార్పు చేసిన ట్యాబ్‌కు అది రాదు, మిగతా ట్యాబులకే వస్తుందని తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకుంది. ఆ సాయంత్రం నేను కావాలనే జోక్యం చేసుకోలేదు. అది సరైన పనేనా అంటే ఇప్పటికీ నాకు సందేహమే.

ఈ ఒక్క పాత ప్రాజెక్టే మూడు వారాలు నడిచింది.

వెతుకులాట పెట్టె

తర్వాతిది ఓపెన్ లైబ్రరీ సైట్ ఇచ్చే ఉచిత ఏపీఐతో (ప్రోగ్రాములు సమాచారం అడిగి తీసుకునే దారి) పుస్తకాల వెతుకులాట. 'రాము' అని టైప్ చేస్తుంటే ఒక్కోసారి 'రా' ఫలితాలు వచ్చి కూర్చుంటున్నాయి. డీబౌన్స్ (టైపింగ్ కాసేపు ఆగాకే అభ్యర్థన పంపడం) పెట్టి, సమస్య తీరిందంది. తీరలేదన్నాను. డీబౌన్స్ అభ్యర్థనల్ని తగ్గిస్తుంది, జవాబుల వరసను సరిచేయదు. ముందు వెళ్లిన అభ్యర్థన ఆలస్యంగా తిరిగొస్తే పాత ఫలితం కొత్తదాని మీద పడుతుంది.

నమ్మలేదు. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి చూసింది, అన్నీ సమానంగా నెమ్మదించడంతో తప్పు బయటపడలేదు. చివరికి తనే ఒక ఉపాయం చేసింది. అసలు ఏపీఐ బదులు ఒక నకిలీ ఫంక్షన్ రాసి, తక్కువ అక్షరాలుంటే ఎక్కువ ఆలస్యం చేయించింది. తప్పు ప్రతిసారీ కనిపించింది. అబార్ట్ కంట్రోలర్‌తో పాత అభ్యర్థనను రద్దు చేసింది. అభ్యర్థన పంపే ఫెచ్, 'దొరకలేదు' అనే 404 జవాబు వచ్చినా దాన్ని వైఫల్యంగా లెక్కించదని, జవాబులోని 'ఓకే' మనమే చూసుకోవాలని కూడా అప్పుడే తెలిసింది. ఆ నకిలీ ఫంక్షన్ రాసిన రోజు నాకు బాగా సంతోషమేసింది. సమస్యను కావాలన్నప్పుడు మళ్లీ రప్పించగలవాళ్లకు పరిష్కారం ఎవరూ చెప్పక్కర్లేదు.

డిజైన్ వైపు కూడా కొంత చేశాం. ఫ్రంట్ ఎండ్ మెంటర్ అనే అభ్యాసాల సైట్‌లో ఇచ్చే డిజైన్ బొమ్మలు సాధారణంగా 375 పిక్సెళ్ల ఫోనుకు, 1440 పిక్సెళ్ల డెస్క్‌టాప్‌కు ఉంటాయి. మధ్యలో ఏమవుతుందో చెప్పరు. ఆ మధ్యదే అసలు ప్రాజెక్టు అనుకోమన్నాను. 375 కంటే కిందికి, 320 వరకు కూడా లాగి చూడమన్నాను.

ఒక మనిషి వాడితే

చివరిగా, ఆమె స్నేహితుల్లో పుస్తకాలు చేతులు మారుతుంటాయి, ఎవరి దగ్గర ఏది ఉందో ఒకరు నోట్‌బుక్‌లో రాస్తుంటారు. దానికి చిన్న పేజీ చేసి, ఆ మనిషికిచ్చి, నోరు మూసుకుని చూడమన్నాను. ఆయన పుస్తకం పేరు కొట్టి, 'సేవ్' నొక్కకుండా ట్యాబ్ మూసేశాడు. రెండోసారీ అంతే. ఒకే పుస్తకాన్ని రెండు రకాల స్పెల్లింగుతో కలిపాడు. పొరపాటున ఒకటి తీసేసి, వెనక్కి తెచ్చే దారి కోసం తెరంతా వెతికాడు. పావుగంటలో ఏడు పనులు రాసుకొచ్చింది. ఐడియాలు రావట్లేదన్న మనిషి ఆ ఏడింటిలో దేంతో మొదలెట్టాలా అని నన్నడిగింది. పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం ముందు చేయమన్నాను, ఎందుకంటే సెవెన్ గూయిస్‌లోని వృత్తాల బొమ్మలో అన్‌డూ అప్పటికే చేసి ఉంది.

కుదరనివి, ఇప్పటికి తేలినవి

అన్నీ కుదరలేదు. టైమర్‌లో ప్రతి టిక్కుకూ పదో వంతు సెకను కలుపుతూ పోయింది. ట్యాబ్ వెనక్కి వెళ్తే బ్రౌజర్ ఆ టిక్కుల్ని తగ్గించేస్తుంది కాబట్టి లెక్క తప్పింది. మొదలైన సమయాన్ని దాచుకుని తేడా తీయాలని నేను చెప్పాక గానీ రాలేదు. టెస్టులు రాయడం అసలు మొదలే పెట్టలేదు. రంగులు, ఖాళీల ఎంపికలో ఇంకా తడబడుతుంది, దానికి ఈ పద్ధతి పెద్దగా పనిచేయలేదు.

ఐదు నెలల తర్వాత గిట్‌హబ్ పేజీలో పైన కనిపించేలా ఉంచుకున్నవి ఐదు ప్రాజెక్టులే. ఒక ఇంటర్వ్యూలో మొదటి రౌండ్ దాటింది, రెండోదాంట్లో పోయింది. మొదటి రౌండ్లో వాళ్లిచ్చింది కూడా వెతుకులాట పెట్టే. కోడ్ మొదలెట్టే ముందు కాగితం అడిగిందట.

ఇప్పుడు ఎవరైనా 'ప్రాజెక్టులు చెప్పండి' అని వస్తే నేను జాబితా ఇవ్వను. పాతదొకటి తెరవమంటాను, మౌస్ పక్కన పెట్టమంటాను. అసలేమీ చేయనివాళ్లకు ఇది సరిపడదు. వాళ్లకు మొదట కొన్ని వీడియోలు చూచిరాతగా చేయడమే మంచిది, చేతికి అక్షరాలు రావాలి కదా. ఎప్పుడు మానిపించాలన్నది మాత్రం కామిట్ల చరిత్ర చూసే తేల్చుకుంటున్నాను.

సెవెన్ గూయిస్‌లో చివరిదైన స్ప్రెడ్‌షీట్‌ను ఆమె అప్పట్లో సగంలో వదిలేసింది, నేనూ వదిలేయమన్నాను. పోయిన వారం దానికి మూడు పేజీల చిట్టా ఫొటో తీసి పంపింది. కింద ఒక ప్రశ్న: "ఏ1 బీ1 మీద, బీ1 మళ్లీ ఏ1 మీద ఆధారపడితే, ఆ చుట్టు తిరగడాన్ని టైప్ చేసినప్పుడే పట్టుకోవాలా, లెక్కగట్టేటప్పుడా?"

"నువ్వేమంటావ్?" అని తిరిగి పంపాను.